ఒకటి ఎవరికి, రెండు ఎవరికి?

పోయిన సంచికలో స్కాట్లండ్ కౌన్సిల్ ఎన్నికల్లో వచ్చిన దామాషా పద్ధతి (బలాన్ని బట్టి సీట్లు దక్కే పద్ధతి) గురించి రాశాం. ఓటరు ముద్ర వేయడు, అభ్యర్థుల పక్కన 1, 2, 3 అని తన ఇష్టం చొప్పున అంకెలు వేస్తాడు; ఒక్కో వార్డు నుంచి ముగ్గురో నలుగురో గెలుస్తారు. అంతే రాశామనుకున్నాం. తిరుపతి, చిత్తూరు జిల్లాల నుంచి ఉత్తరాలు మాత్రం ఆగడం లేదు. నలుగురు అడిగిన ప్రశ్న ఒకటే అయిన చోట ఒకరి ఉత్తరమే తీసుకున్నాం.

మా అమ్మాయీ అల్లుడూ గ్లాస్గోలో ఉంటారు. 2027 మే నెలలో అక్కడ కౌన్సిల్ ఎన్నికలంట. ఇండియా పాస్‌పోర్టు ఉన్నా ఓటుందని అల్లుడు చెప్తా ఉన్నాడు. నిజమేనా? నంబర్లు ఎట్ల వెయ్యాల?
— ఒక గృహిణి, కొర్లగుంట, తిరుపతి

నిజమేనమ్మా. కామన్వెల్త్ దేశాల పౌరులకు అక్కడి స్థానిక ఎన్నికల్లో ఓటు ఎప్పటి నుంచో ఉంది. 2020లో చేసిన చట్టంతో, చట్టబద్ధంగా నివసించే విదేశీయులందరికీ ఆ హక్కు వచ్చింది. వయసు 16 నిండితే చాలు. అయితే ఓటు దానంతట అది రాదు, జాబితాలో పేరు ఎక్కించుకోవాలి. పోలింగ్‌కు 12 పనిదినాల ముందే ఆ గడువు ముగుస్తుంది. ఇల్లు మారినవాళ్లు పాత చిరునామాలోనే ఉండిపోవడం అక్కడా మామూలే. స్కాట్లండ్ కౌన్సిల్ ఎన్నికల్లో ఫొటో గుర్తింపు కార్డు చూపించక్కర్లేదు.

కాగితం మీద అందరికన్నా నచ్చినవారి పక్కన 1, తర్వాత 2, ఆపైన 3. ఎంతమందికి వెయ్యాలన్న నియమం లేదు. 1 ఒక్కటి వేసి వచ్చినా ఓటు చెల్లుతుంది. ఒకే ఒక్కరి పక్కన ఇంటూ గుర్తు పెట్టి, ఇంకెక్కడా ఏమీ రాయకపోతే దాన్నీ మొదటి ప్రాధాన్యంగానే తీసుకుంటారు. ఇద్దరి పక్కన ఇంటూ పెడితే ఆ కాగితం పోయినట్టే. మీ అల్లుడికి ఇది చెప్పండి, కానీ ఆ అలవాటు మన ఎమ్మెల్సీ ఎన్నికకు తేవద్దనండి. ఎందుకో కింది ఉత్తరంలో ఉంది.

పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికలో అంత చదువుకున్నోళ్ల ఓట్లు వేలల్లో చెల్లకుండా పోతాయెందుకు?
— ఒక ప్రైవేటు ఉద్యోగి, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

చదువుకున్నవాళ్లు కాబట్టే అనిపిస్తుంది ఒక్కోసారి. అసెంబ్లీ ఎన్నికలో మీట నొక్కి వచ్చే చేతికి ఆరేళ్లకోసారి కాగితం ఇస్తారు. గోడ మీద సూచనలు అంటించే ఉంటాయి, చదివేది ఎవరు?

ఎక్కువగా జరిగే తప్పులివి. అంకె వెయ్యకుండా టిక్కు పెట్టడం, లేదా ఇంటూ. అక్కడ అది చెల్లదు. 1 అనే అంకె లేకుండా 2, 3 మాత్రమే ఉండటం. ఇద్దరికి 1 వేయడం. ఒకే పేరు పక్కన 1 వేసి, మనసు మారి పక్కనే 2 కూడా రాయడం. అంకెకు బదులు ‘ఒకటి’ అని అక్షరాల్లో రాయడం. గడి గీత మీద అంకె పెట్టి, అది పైవాడిదో కిందివాడిదో తేలకుండా చేయడం. చివరికి సంతకం పెట్టడం, వేలిముద్ర వేయడం, ‘జై’ అని రాయడం: ఓటరెవరో గుర్తుపట్టే వీలున్న ఏ రాతైనా ఆ కాగితాన్ని చంపేస్తుంది.

ఇంకొకటుంది. పోలింగ్ కేంద్రంలో ఇచ్చే ఊదారంగు స్కెచ్ పెన్నుతోనే అంకె వెయ్యాలి. జేబులో పెన్ను తియ్యగూడదు. బాల్‌పెన్నుతో వేసిన 1 ఎంత చక్కగా ఉన్నా లెక్కలోకి రాదు.

ఒక చిన్న సంగతి, పని పడుతుందని కాదు గానీ. 1, 2, 3 అనే వేయాలని లేదు; రోమన్ అంకెలైనా, ఏ భారతీయ భాష అంకెలైనా చెల్లుతాయి. అంటే తెలుగు ౧, ౨, ౩ కూడా. వేయదలిస్తే మొదటి నుంచి చివరి దాకా ఒకే రకం వేయండి.

పొరపాటున రెండు చోట్ల 2 పడితే కంగారు పడొద్దు. 1 సరిగా ఉంటే ఓటు బతికే ఉంటుంది. ఆ 1 వేసినవాడు ఎలిమినేట్ అయిన రోజు మాత్రం కాగితం అక్కడితో ఆగిపోతుంది.

మా ఏజెంటు ‘1 వేసి వచ్చేయన్నా, 2 వేస్తే మన క్యాండిడేట్‌కే నష్టం’ అంటాడు. అది ఎంత వరకు నిజం?
— పలమనేరు పాఠకుడు

అబద్ధం. మీ 1 పొందిన అభ్యర్థి పోటీలో ఉన్నంత సేపు మీ 2 వైపు ఎవరూ కన్నెత్తి చూడరు. అతను ఓడి తప్పుకుంటే కాగితం మొత్తం విలువతో రెండో పేరుకు పోతుంది. అవసరానికి మించి ఓట్లొచ్చి గెలిస్తే, ఆ మించిన మేరకే పోతుంది. ఈ రెండూ జరగకపోతే మీరు వేసిన 2, 3, 4 కాగితం మీద సిరాగానే మిగిలిపోతాయి.

ఏజెంటు అలా ఎందుకంటాడంటే, ఓటర్లకు రెండు పేర్లు చెప్తే ఎక్కడ తారుమారు చేసి ప్రత్యర్థికి 1 వేసి వస్తారోనని భయం. ఆ భయంలో న్యాయం లేకపోలేదు. కానీ దానికి మందు సరిగ్గా చెప్పడం. రెండో ప్రాధాన్యం విలువ తెలిసిన పార్టీలు వేరుగా నడుచుకుంటాయి: 2023 మార్చి ఎమ్మెల్సీ ఎన్నికల్లో తెలుగుదేశం, పీడీఎఫ్ (వామపక్షాల మద్దతున్న ప్రోగ్రెసివ్ డెమొక్రటిక్ ఫ్రంట్) రెండో ప్రాధాన్య ఓట్లు ఒకరికొకరు వేయించుకునేలా అవగాహనకు వచ్చాయి.

కోటా, మిగులు, ఎలిమినేషన్ అని పేపర్లలో చదువుతాం. లెక్క మాత్రం ఒక్కరూ మొదటి నుంచి చివరి దాకా చేసి చూపించరు. మీరు చూపించండి.
— విశ్రాంత లెక్కల మాస్టారు, కె.టి. రోడ్డు, తిరుపతి

మాస్టారూ, మీకోసం ఒక ఊహా వార్డు. సీట్లు 3. చెల్లిన ఓట్లు 6,000. కుండ పార్టీకి ఇద్దరు అభ్యర్థులు, గొడుగు పార్టీకి ఇద్దరు, గంట గుర్తు మీద ఒక ఇండిపెండెంటు.

కోటా అంటే సీటు ఖాయం కావడానికి కావలసిన ఓట్లు. చెల్లిన ఓట్లను సీట్ల కన్నా ఒకటి ఎక్కువతో భాగించి, భిన్నం వదిలేసి, ఒకటి కలపాలి. 6,000ను 4తో భాగిస్తే 1,500. ఒకటి కలిపితే 1,501. ఆ ఒకటి ఎందుకంటారా? నలుగురికి 1,500 చొప్పున రావచ్చు, 1,501 చొప్పున మాత్రం రాలేవు. ముగ్గురి కన్నా ఎక్కువమంది కోటా దాటకుండా వేసిన గొళ్లెం అది.

మొదటి ప్రాధాన్యాలు: కుండ మొదటివారికి 2,001, కుండ రెండోవారికి 850, గొడుగు మొదటివారికి 1,300, గొడుగు రెండోవారికి 749, గంటకు 1,100.

కుండ మొదటివారు గెలిచారు. 500 మిగులు. ఏ 500 కాగితాలు తీయాలి? అడ్డదిడ్డంగా పై నుంచి 500 తీస్తే అదృష్టం మీద ఆధారపడినట్టు. అందుకని స్కాట్లండ్‌లో 2,001 కాగితాలూ చూస్తారు, ఒక్కోదాని విలువ తగ్గిస్తారు: 500ను 2,001తో భాగిస్తే 0.24987. ఐదు దశాంశ స్థానాల దగ్గర ఆపేస్తారు, పైకి సవరించరు. ఈ కాగితాల్లో రెండో పేరు కుండ రెండోవారిదైనవి 1,600 అనుకుందాం. గంటకు 200, గొడుగు మొదటివారికి 100, 2 వేయనివి 101. గుణిస్తే కుండ రెండోవారికి 399.792, గంటకు 49.974, గొడుగు మొదటివారికి 24.987 కలుస్తాయి.

ఇప్పుడు కుండ రెండోవారు 1,249.792, గంట 1,149.974, గొడుగు మొదటివారు 1,324.987, గొడుగు రెండోవారు 749. ఎవరూ కోటా అందుకోలేదు. అట్టడుగున ఉన్న గొడుగు రెండోవారు ఔట్. ఈ 749 కాగితాలు ఎవర్నీ గెలిపించలేదు కాబట్టి విలువ తగ్గదు, ఒక్కోటి ఒకటే. అందులో 450 గొడుగు మొదటివారికి, 180 గంటకు, 20 కుండ రెండోవారికి పోయాయి, 99 ఆగిపోయాయి.

గొడుగు మొదటివారు 1,774.987తో గెలిచారు. ఒక్క సీటు మిగిలింది. గంట 1,329.974, కుండ రెండోవారు 1,269.792. వీళ్ల మధ్య తేడా 60 చిల్లర. గొడుగు మిగులు 273.987. తేడా కన్నా మిగులు పెద్దది కాబట్టి పంచక తప్పదు. 273.987ను 1,774.987తో భాగిస్తే 0.15436. ఆ కాగితాల్లో పూర్తి విలువవి 600 గంటకు, 150 కుండ రెండోవారికి పోయాయనుకోండి, తక్కినవి ఆగిపోయాయనుకోండి. గంట 1,422.590, కుండ రెండోవారు 1,292.946. కుండ రెండోవారు తప్పుకున్నారు, గంట గెలిచింది. కోటా అందుకోకుండానే! చివరి సీటుకు ఒక్కరే మిగిలితే కోటా అక్కర్లేదు. పేపర్లో ‘కోటా రాకుండానే గెలుపు’ అని చూసి అన్యాయం అనుకునేవాళ్లున్నారు. కొన్ని కాగితాలు మధ్యలో ఆగిపోయాక చివరివారికి కోటా నిండకపోవడం సహజం.

రాజ్యసభ ఎన్నిక లెక్కా ఈ కుటుంబంలోదే, దశాంశాలకు బదులు ఒక్కో ఓటుకు 100 విలువ కడతారు. మన అసెంబ్లీలో 175 మందీ ఓటేస్తే, 4 సీట్లకు కోటా 17,500ను 5తో భాగించి ఒకటి కలిపితే 3,501. 35 మంది ఎమ్మెల్యేల ఓట్లు 3,500. ఒక్క పాయింటు తక్కువ! అందుకే 36 మంది కావాలి.

పై లెక్కలో... (ఇది ఉత్తరం కాదు, మాస్టారు అడిగేలోపే మేమే అడుగుతున్నాం) కుండ పార్టీకి ఇద్దరికీ కలిపి 2,851 ఓట్లు, దాదాపు రెండు కోటాలు. ఒక్క సీటేనా?

ఒక్కటే. తప్పు లెక్కింపుది కాదు, పార్టీది. పేరున్న మొదటి అభ్యర్థే ఓట్లన్నీ లాక్కున్నారు. ఆయన 2,001 కాగితాల్లో 401 పార్టీ దాటి బయటికి పోయాయి, లేదా ఆగిపోయాయి. అదే వార్డును రెండుగా పంచుకుని, ఈ వీధులు ఈయనకు, ఆ వీధులు ఆమెకు అని ప్రచారం చేసి 1,426, 1,425 తెచ్చుకుని ఉంటే ఏం జరిగేదో మీరే వేసి చూడండి. మొదట్లో ఎవరికీ కోటా రాదు. గొడుగు రెండోవారు పోతారు, గొడుగు మొదటివారు 1,750తో గెలుస్తారు, వారి మిగులు కలిసినా గంట 1,365 దగ్గర ఆగుతుంది. కుండ ఇద్దరూ దానికి పైనే ఉంటారు. అవే ఓట్లు, అదే జనం. సీట్లు రెండు.

ఎంతమందిని నిలబెట్టాలన్నది ఈ పద్ధతిలో పార్టీకి అసలు పరీక్ష. ఎక్కువమందిని దింపితే ఓట్లు చీలి అందరూ తొందరగా ఎలిమినేట్ అవుతారు. తక్కువమందిని దింపితే గెలిచే సీటు వదులుకున్నట్టు. బీఫారం కోసం కొట్టుకునే మన దగ్గర ఇది ఇంకా కష్టం: ఒకే పార్టీ వాళ్లిద్దరు ఒకే వార్డులో నిలబడితే, ప్రత్యర్థిని వదిలేసి ఒకరి ఓట్లు ఒకరు తినడం మొదలుపెడతారు.

పట్టభద్రుల ఎమ్మెల్సీని కూడా దామాషా పద్ధతిలో ఎన్నుకుంటారని రాజ్యాంగంలో ఉందంట. అందులో దామాషా ఏముంది సార్?
— ఎల్‌ఎల్‌బీ విద్యార్థి, తిరుపతి

మంచి ప్రశ్న. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మాకు అన్నిటికన్నా నచ్చింది.

171వ అధికరణంలో ఆ మాట ఉంది నిజమే. కానీ సీటు ఒకటే అయితే కోటా ఎంత? సగానికి ఒకటి ఎక్కువ. అంటే 49 శాతం ఓట్లున్నవాళ్లకు సున్నా. దామాషా అంటే బలాన్ని బట్టి వాటా. ఒక్క రొట్టెను కొయ్యకుండా వాటా వెయ్యలేం. పద్ధతి పేరు దామాషా, ఫలితం మెజారిటీ. తూర్పు రాయలసీమ పట్టభద్రుల స్థానంలో ఎన్ని అంకెలు వేసినా గెలిచేది ఒక్కరే.

కాబట్టి ఎవరైనా స్థానిక ఎన్నికల్లో ‘ప్రాధాన్య ఓటు తెస్తాం’ అంటే మొదట అడగవలసింది ఒక్కటే: వార్డుకు ఎన్ని సీట్లు? ఒకటైతే గెలుపు గడప 50 శాతం. మూడైతే 25, నాలుగైతే 20, ఐదైతే 17కు కాస్త తక్కువ. ఆ గడప దాటగలిగిన ప్రతి వర్గానికీ ఒక కుర్చీ దొరుకుతుంది. అంకెలు వేయడం బయటికి కనిపించే వేషం, ఆట అంతా సీట్ల సంఖ్యలో ఉంది. స్కాట్లండ్ చట్టం మొదట వార్డుకు 3 లేదా 4 అని నిర్ణయించింది, తర్వాత దీవులకు ఇంకా తక్కువకు వీలిచ్చింది, 2020 చట్టంతో 2 నుంచి 5 దాకా వీలు కలిగింది. మూడు సీట్ల వార్డులు చిన్న పార్టీలకు కొరకరాని కొయ్యలే. అక్కడ నాలుగో, ఐదో పెట్టమని అడిగేవాళ్లు అడుగుతూనే ఉన్నారు.

ఫలితం ఎంత మారుతుందో గ్లాస్గో చూపిస్తుంది. 2003లో పాత పద్ధతిలో లేబర్ పార్టీ సగానికి తక్కువ ఓట్లతో 79 సీట్లలో 71 గెలిచింది. 2007లో కొత్త పద్ధతిలో అదే పార్టీకి 45 వచ్చాయి. మెజారిటీ పోలేదు, కానీ ఎదురుగా 34 మంది కూర్చున్నారు. కౌన్సిల్‌లో ప్రశ్నించేవాళ్లు పుట్టుకొచ్చారు.

తిరుపతి కార్పొరేషన్‌కు ఈ పద్ధతి పెడితే డివిజన్లు ఏమవుతాయి? మహిళలు, బీసీ, ఎస్సీ రిజర్వేషన్లు ఎట్లా?
— జీవకోన పాఠకురాలు

డివిజన్లను కలపాలి. తిరుపతిలో ఉన్నవి 50. నాలుగేసి సీట్ల వార్డులు 8, మూడేసి సీట్లవి 6 చేస్తే సరిగ్గా 50 కుదురుతాయి. రాజ్యాంగం 243ఆర్ అధికరణం వార్డుల నుంచి నేరుగా ఎన్నుకోవాలంటుంది గానీ, వార్డుకు ఒక్కరే ఉండాలని అనదు. మారాల్సింది రాష్ట్ర మున్సిపల్ చట్టాలు.

రిజర్వేషన్ దగ్గరే అసలు చిక్కు. ఇప్పుడు ఒక డివిజన్‌ను మొత్తంగా మహిళకో, బీసీకో కేటాయిస్తాం. మన రాష్ట్రంలో స్థానిక సంస్థల సీట్లలో సగం మహిళలవి. నాలుగు సీట్ల వార్డులో ‘కనీసం ఇద్దరు మహిళలు’ అని రాయాలి. ఆ నియమాన్ని లెక్కింపులో ఎక్కడ పెట్టాలి? ఎలిమినేషన్ దగ్గర. అట్టడుగున ఉన్న అభ్యర్థిని తీసేస్తే మిగిలే మహిళలు ఇద్దరికన్నా తగ్గుతారనుకోండి, ఆమెను తీయకుండా ఆమె పైవారిని తీస్తారు. అలాగే పురుషులు ఇద్దరు గెలిచాక తక్కిన పురుషులంతా అప్పటికప్పుడు తప్పుకుంటారు, వాళ్ల కాగితాలు తర్వాతి పేర్లకు పోతాయి. నియమం ముందే రాసి పెట్టకపోతే లెక్కింపు టేబుల్ దగ్గర గొడవే.

‘కనీసం’ అన్న మాట ఎంత ముఖ్యమో చెప్పే కేసు మన తెలుగు నేలదే. 1952, 1957 ఎన్నికల్లో కొన్ని చోట్ల ఇద్దరు సభ్యుల నియోజకవర్గాలుండేవి, ఒకటి జనరల్, ఒకటి రిజర్వుడు. 1957లో పార్వతీపురం లోక్‌సభ స్థానంలో రెండు సీట్లూ గిరిజన అభ్యర్థులకే దక్కాయి. ఎక్కువ ఓట్లొచ్చిన గిరిజన అభ్యర్థి రిజర్వుడు సీటు తీసుకోగా, రెండో గిరిజన అభ్యర్థికి జనరల్ అభ్యర్థి కన్నా ఎక్కువ వచ్చాయి. ఓడినవారు సామాన్యులు కారు, తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి. గిరి. సుప్రీంకోర్టు దాకా వెళ్లారు, 1959లో ఓడిపోయారు. రిజర్వేషన్ కింది హద్దే గానీ పై హద్దు కాదని తేలింది. 1961లో చట్టం చేసి ఆ ఇద్దరు సభ్యుల స్థానాలను ఎత్తేశారు. అవి దామాషా కావు, ఓటరుకు రెండు ఓట్లు ఉండేవంతే. అయినా ఈ పాఠం ఇప్పటికీ పనికొస్తుంది.

ఏకగ్రీవాలు ఆగుతాయా?
— శ్రీకాళహస్తి

తగ్గుతాయి. ఒక్క సీటు డివిజన్‌లో ఎదుటివాళ్లలో ఒక్కరి చేత నామినేషన్ ఉపసంహరింపజేస్తే పని అయిపోతుంది. నాలుగు సీట్ల వార్డు ఏకగ్రీవం కావాలంటే ఐదో మనిషి లేకుండా చూడాలి. 20 శాతం వస్తే చాలన్నప్పుడు నిలబడేవాళ్లకు ఆశ కూడా ఎక్కువ. స్కాట్లండ్‌లో 2003లో 61 వార్డుల్లో పోటీయే లేదు. 2007లో అలాంటి వార్డు ఒక్కటీ లేదు. బెదిరింపులకు మాత్రం ఓటింగ్ పద్ధతి మందు కాదు, అది పోలీసుల పని, ఎన్నికల సంఘం పని.

అంకెలు రాయలేని ముసిలోళ్ల సంగతేంది? ఈవీఎంలో పెట్టుకోవచ్చు గదా?
— పుంగనూరు రైతు

మనం వాడే ఈవీఎం ఒక మీటకు ఒక ఓటు లెక్కిస్తుంది, వరస గుర్తుపెట్టుకోదు. కాబట్టి కాగితమే. స్కాట్లండ్‌లో కాగితాలను స్కానర్లో పెట్టి కంప్యూటరుతో లెక్కిస్తారు. అర్థం కాని అంకె వస్తే తెరమీద అధికారి, ఏజెంట్లు చూసి తేలుస్తారు. చేత్తో చేస్తే మన ఎమ్మెల్సీ లెక్కింపులాగే రాత్రీ పగలూ సాగుతుంది.

అంకెల సంగతి కొత్త అభ్యంతరం కాదు. 1949 జనవరిలో రాజ్యాంగ సభలో లోక్‌సభకు దామాషా కావాలని కొందరు అడిగితే, అంబేద్కర్ కాదన్న కారణాల్లో ఇదొకటి: ఓటరుకు కనీసం అంకెలైనా తెలియాలి, ఈ దేశంలో అక్షరాస్యత అంత లేదు. రెండోది, ప్రభుత్వాలు నిలవవని. తమాషా ఏమంటే ఆ సభ సభ్యులే 1946లో ప్రాంతీయ శాసనసభల్లో ఇదే బదిలీ ఓటుతో (1 వేసినవారికి అక్కర్లేకపోతే తర్వాతి పేరుకు పోయే ఓటుతో) ఎన్నికైనవారు. అంబేద్కర్ బెంగాల్ నుంచి అలాగే వచ్చారు, మన తిరుచానూరు బిడ్డ మాడభూషి అనంతశయనం అయ్యంగార్ మద్రాసు నుంచి అలాగే వెళ్లారు.

ఈరోజు ధర చూసి బస్తా అమ్మే రైతుకు 1, 2 రాదంటే మేం నమ్మం. కళ్లు కనపడనివారికీ, చెయ్యి వణికేవారికీ సహాయకుడిని అనుమతించే నియమం ఎలాగూ ఉంది. అసలు గందరగోళం అంకెల వల్ల రాదు, రెండు పద్ధతులు ఒకేరోజు పెడితే వస్తుంది. స్కాట్లండ్‌లో 2007 మే 3న కౌన్సిల్‌తోపాటు అక్కడి పార్లమెంటు ఎన్నికలూ పెట్టారు. ఒక కాగితం మీద అంకెలు, ఇంకో కాగితం మీద రెండు వరసల్లో రెండు ఇంటూలు. కొత్తదైన అంకెల కాగితాల్లో చెల్లనివి 1.83 శాతమే, అలవాటైన ఇంటూ కాగితంలో నియోజకవర్గం ఓట్లు 4 శాతం పైగా పోయాయి! తర్వాత కౌన్సిల్ ఎన్నికలను వేరే ఏడాదికి, 2012కు జరిపారు. ఇక్కడ కూడా ఎంపీటీసీ, జెడ్పీటీసీ, మున్సిపాలిటీలన్నీ ఒక్కరోజే కానిచ్చేద్దామనేవాళ్లు ఇది గమనించాలి.

నలుగురు కార్పొరేటర్లుంటే కాలువ పూడిక తియ్యమని ఎవరి ఇంటికి పోవాల?
— లీలామహల్ సెంటర్ వ్యాపారి

ఎవరింటికైనా. ఓటేసినవారి దగ్గరికి పోతారు, పని కాకపోతే ఓటెయ్యనివారి దగ్గరికి పోతారు. ఇప్పుడైతే మీ కార్పొరేటరుకు మీ వీధి మీద కోపమొస్తే ఐదేళ్లు అంతే. ఇబ్బంది కూడా ఉంది: ఒకే ఫిర్యాదు నలుగురి నుంచి శానిటరీ ఇన్‌స్పెక్టరు దగ్గరికి నాలుగుసార్లు పోతుంది, పని అయితే నలుగురూ ఫ్లెక్సీ వేసుకుంటారు, కాకపోతే నలుగురూ పక్కవాడిని చూపిస్తారు. వార్డు కూడా మూడు నాలుగింతలు పెద్దదవుతుంది, ప్రచారం ఖర్చూ పెరుగుతుంది. ఇండిపెండెంట్లకు ఈ చివరిది బరువే.

నోటా ఉంటుందా?
— మురకంబట్టు

రాజ్యసభ ఎన్నికల్లో నోటా కుదరదని 2018 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. బదిలీ ఓటులో ‘ఎవరూ వద్దు’ను ఎవరికి బదిలీ చేస్తారు?

జాబితాలో పై పేరున్నోళ్లకు లాభం అంటారు. నిజమా?
— తిరుచానూరు

నిజమే, ముఖ్యంగా ఒకే పార్టీ ఇద్దరిని నిలబెట్టినప్పుడు. స్కాట్లండ్‌లో పేర్లు అక్షర క్రమంలో ఉంటాయి. పార్టీని చూసి ఓటేసేవాళ్లు పై నుంచి కిందికి 1, 2 వేసుకుంటూ పోతారు. దాంతో పేరు ముందు అక్షరంతో మొదలయ్యే అభ్యర్థి గెలిచి, అదే పార్టీలో కింద ఉన్నవారు ఓడిపోవడం మళ్లీ మళ్లీ కనిపించింది. మన అక్షరమాలలో ‘అ’తో మొదలయ్యేవారికి పండగ, ‘హ’తో మొదలయ్యేవారికి పస్తు. దీనికి టాస్మానియాలో మందు కనిపెట్టారు: బ్యాలెట్లను రకరకాల వరసల్లో అచ్చు వేసి, ప్రతి అభ్యర్థి పేరూ కొన్నింట్లో పైన వచ్చేలా తిప్పుతారు. ప్రెస్సు పని పెరుగుతుందంతే.

మధ్యలో ఒకరు చనిపోతే నాలుగు సీట్లకూ మళ్లీ ఎన్నికా?
— కొంగారెడ్డిపల్లె, చిత్తూరు

కాదు. ఆ ఒక్క సీటుకే, వార్డు మొత్తం ఓటేస్తుంది. సీటు ఒకటే కాబట్టి గడప మళ్లీ 50 శాతానికి పోతుంది. 22 శాతం ఓట్లతో గెలిచిన చిన్న పార్టీ సభ్యుడు పోతే ఆ సీటు పెద్ద పార్టీకి పోవడం దాదాపు ఖాయం. ఈ పద్ధతిలో అతుకు పడని చిల్లు ఇదే.

పోయినసారి ఎమ్మెల్సీ ఎన్నికకు మా ఆయనకు ఓటుంది, నాకు లేదు. ఇద్దరం డిగ్రీ చదివినోళ్లమే. 2029లోనైనా వస్తుందా?
— ఎయిర్ బైపాస్ రోడ్డు, తిరుపతి

మీరు దరఖాస్తు పెట్టి ఉండరు. ఈ జాబితా అసెంబ్లీ జాబితాలాగా కొనసాగదు, ప్రతిసారీ కొత్తగా తయారవుతుంది. పోయినసారి పేరున్న మీవారు కూడా మళ్లీ పెట్టుకోవాలి. పట్టభద్రులకు ఫారం 18, టీచర్లకు ఫారం 19. అర్హత తేదీ నవంబరు 1. ఆ తేదీకి కనీసం మూడేళ్ల ముందు డిగ్రీ పూర్తయి ఉండాలి. డిగ్రీ సర్టిఫికెట్టు కాపీ అటెస్టేషన్ చేయించి ఉంచుకోండి. పెళ్లయ్యాక ఇంటిపేరు మారి, సర్టిఫికెట్టులో ఒకటీ ఆధార్‌లో ఒకటీ ఉంటే ఆ సంగతి ముందే సరిచేసుకోండి. ప్రకటన వచ్చాక వరుసలో నిలబడి దిద్దించుకోవడానికి టైము చాలదు.